స్టార్ పిచర్ కోసం కుర్రాళ్లను వదులుకోవాలా: ట్రేడ్‌కి ముందు చూడాల్సిన లెక్కలు

2023లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టు బాల్టిమోర్ ఓరియోల్స్ 101 మ్యాచ్‌లు గెలిచింది. అంతకు రెండేళ్ల కిందట 110 మ్యాచ్‌లు ఓడిన జట్టు అది. అంత పైకొచ్చాక ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాత అక్టోబర్‌లో జరిగే నాకౌట్ సిరీస్‌లలో) టెక్సస్ రేంజర్స్ చేతిలో వరసగా మూడు ఓడి సీజన్ ముగించింది. మొదటి మ్యాచ్‌లో పిచర్ (బంతి విసిరేవాడు) కైల్ బ్రాడిష్ బాగానే నెట్టుకొచ్చాడు. మిగతా రెండింట్లో మన ఓరియోల్స్ పిచర్లంతా కలిపి 18 పరుగులు ఇచ్చారు. ఆ చలికాలమంతా ఓరియోల్స్ అభిమానుల మధ్య ఒకటే చర్చ: మైనర్ లీగ్స్‌లో (కుర్రాళ్లు ఎదిగే కింది స్థాయి లీగుల్లో) ఇంతమంది మంచి కుర్రాళ్లున్నారు కదా, ఇద్దరు ముగ్గుర్ని ఇచ్చి ఒక పెద్ద పిచర్‌ని తెచ్చుకోవచ్చుగా?

ఈ ప్రశ్న ఓరియోల్స్ ఒక్కదానిదే కాదు. ప్రతి జులైలో, ప్రతి డిసెంబర్‌లో ఏదో ఒక జట్టు సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది. అమెరికాలో ఉంటూ తమ ఊరి జట్టును ఫాలో అయ్యే మనవాళ్లు చాలామంది, ట్రేడ్ (జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి) వార్త రాగానే పిచర్ ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు, ఎంత తక్కువైతే అంత మంచిది) చూసి సంబరపడిపోతారు, లేదంటే వెళ్లిపోయిన కుర్రాడి ర్యాంకు చూసి బాధపడిపోతారు. ఐపీఎల్ వేలంలో అయితే పర్సులో ఎంత మిగిలిందన్నదే లెక్క. ఇక్కడ మనిషికి బదులు మనిషిని ఇవ్వాలి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిచర్ ఎంత గొప్పవాడన్నది మూడో ప్రశ్న. ఎన్ని అక్టోబర్లు, అంటే ఎన్ని ప్లేఆఫ్స్ సమయాలు, మన దగ్గర ఉంటాడన్నది మొదటిది. బదులుగా వెళ్తున్న కుర్రాడికి మన జట్టులో అసలు చోటుందా అన్నది రెండోది.

ముందు చూసుకోవాల్సినవి

ఎన్నాళ్లు ఉంటాడు? మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీస్ పూర్తయ్యేదాకా ఆటగాడు జట్టు చేతిలోనే ఉంటాడు. మామూలుగా మొదటి మూడేళ్లు కనీస జీతానికి అటూ ఇటూగా ఆడతాడు (2024లో కనీస జీతం 7 లక్షల 40 వేల డాలర్లు). తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్ (అవసరమైతే మధ్యవర్తి జీతం తేల్చే) పద్ధతిలో జీతం పెరుగుతూ పోతుంది. ఆ తర్వాత ఫ్రీ ఏజెంట్, ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోవచ్చు. అందుకే ఒకే పిచర్‌కి ఈ డిసెంబర్‌లో ఒక ధర ఉంటే వచ్చే జులైలో ఇంకో ధర ఉంటుంది. అతని చేతిలో ఏ మార్పూ లేకపోయినా మిగిలిన కాలం తగ్గిపోతుంది కాబట్టి ధర పడిపోతుంది. మనం ఇచ్చే కుర్రాడి సంగతి దీనికి సరిగ్గా రివర్స్. వాడి ఆరేళ్లు ఇంకా మొదలే కాలేదు. అవతలి జట్టు ఆశపడేది ఆ చవక ఆరేళ్ల మీదే.

ఎవరిని ఇస్తున్నాం? ప్రాస్పెక్ట్ (మంచి భవిష్యత్తున్న కుర్రాడు) ర్యాంకింగ్స్ చూసి ఇది తేల్చలేం. జట్టులో షార్ట్‌స్టాప్‌గా (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్‌గా) ఇరవై రెండేళ్ల స్టార్ పాతుకుపోయి ఉంటే, అదే స్థానంలో వెనక వస్తున్న కుర్రాడు ఎంత మంచివాడైనా మనకు ఉపయోగం తక్కువ. అవతలి జట్టుకి మాత్రం వాడి విలువ పూర్తిగా ఉంటుంది. మంచి ట్రేడ్లు చాలావరకు ఈ తేడాలోంచే పుడతాయి.

వెళ్లిపోతే ఏం మిగులుతుంది? ఇది చాలామంది పట్టించుకోని రూల్. సీజన్ మొదటి నుంచి చివరిదాకా మన దగ్గరే ఉన్న ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవుతుంటే, జట్టు అతనికి ఒక ఏడాది క్వాలిఫయింగ్ ఆఫర్ ఇవ్వొచ్చు. 2024లో అది 2 కోట్ల 10 లక్షల 50 వేల డాలర్లు. అతను కాదని వేరే జట్టుకి వెళ్తే మనకి డ్రాఫ్ట్ పిక్ (ఏటా కొత్త కుర్రాళ్లను ఎంచుకునేటప్పుడు అదనంగా ఒక వంతు) దక్కుతుంది. సీజన్ మధ్యలో వచ్చిన ఆటగాడికి ఈ ఆఫర్ ఇవ్వడానికి వీల్లేదు. అంటే ఫిబ్రవరిలో తెచ్చుకున్న పిచర్ వెళ్లిపోయినా చేతిలో ఎంతో కొంత మిగులుతుంది. జులైలో తెచ్చుకున్నవాడు వెళ్తే సున్నా.

ఇక జీతం, మోచెయ్యి. జీతం సంగతి యజమాని జేబును బట్టి ఉంటుంది. మోచెయ్యి సంగతి ఎవరి చేతిలోనూ లేదు. లిగమెంట్ తెగితే టామీ జాన్ ఆపరేషన్, మళ్లీ మైదానంలోకి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. ఎంత పెద్ద పిచర్‌కైనా ఈ రిస్క్ ఉంటుంది, ఎన్ని ఎక్కువ ఏళ్లకు ఒప్పుకుంటే అంత రిస్క్ మన నెత్తి మీద పడుతుంది.

| దారి | మనకి దక్కే కాలం | ఇవ్వాల్సింది | వెళ్లిపోతే మిగిలేది | నిజంగా జరిగినది |
|---|---|---|---|---|
| జులైలో అద్దె పిచర్ (సీజన్ చివర ఫ్రీ ఏజెంట్ అయ్యేవాడు) | రెండు మూడు నెలలు, ఒక అక్టోబర్ | ఒకరిద్దరు కుర్రాళ్లు, కొన్నిసార్లు పెద్దవాడే | ఏమీ లేదు | సబాథియా, 2008 |
| చలికాలంలో ఒక ఏడాది మిగిలినవాడు | పూర్తి సీజన్, ఒక అక్టోబర్ | జట్టులో చోటు లేని మంచి కుర్రాళ్లు | డ్రాఫ్ట్ పిక్ | బర్న్స్, 2024 |
| రెండేళ్లు, అంతకన్నా ఎక్కువ ఉన్నవాడు | రెండు అక్టోబర్లు, ఒప్పందం పొడిగిస్తే ఇంకా | మొదటి వరస ప్రాస్పెక్ట్స్ | పిక్, లేదా మధ్యలో తిరిగి అమ్ముకోవడం | క్రోషే, 2024 డిసెంబర్ |
| ఫ్రీ ఏజెంట్ | ఐదారేళ్లు, ఇంకా ఎక్కువ కూడా | డబ్బు, కొన్ని డ్రాఫ్ట్ పిక్స్ | ఒప్పందం అయ్యేదాకా బరువు మనదే | బర్న్స్, అరిజోనాతో |
| ఏమీ చెయ్యకపోవడం | ఉన్నవాళ్లతోనే | ఏమీ లేదు | కుర్రాళ్లు | ఓరియోల్స్, 2025కి ముందు |

జులై అద్దె

దీనికి అందరూ చెప్పుకునే కథ సీసీ సబాథియా. 2008 జులైలో మిల్వాకీ బ్రూవర్స్ అతన్ని క్లీవ్‌లాండ్ నుంచి తెచ్చింది. ఇచ్చినవాళ్లలో పెద్ద పేరు మ్యాట్ లాపోర్టాది. సబాథియా 17 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, 11 గెలిచి 2 ఓడాడు, ఈఆర్ఏ 1.65. అందులో ఏడు మ్యాచ్‌లు మొదటి బంతి నుంచి చివరి బంతిదాకా తనే వేశాడు. కొన్ని నెలల్లో ఫ్రీ ఏజెంట్ కాబోతూ, చెయ్యి కాపాడుకోవాల్సిన సమయంలో, చివరి మూడు మ్యాచ్‌లు మూడేసి రోజుల విరామంతోనే వేశాడు. మిల్వాకీ 1982 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. అక్కడ ఫిలడెల్ఫియా ఓడించింది. చలికాలంలో అతను ఏడేళ్లకు 16 కోట్ల 10 లక్షల డాలర్లతో యాంకీస్‌కి వెళ్లిపోయాడు.

ఇంత ఇచ్చి ఒక్క సిరీస్ కోసమా అని అడిగేవాళ్లున్నారు. ఇరవై ఆరేళ్లు ప్లేఆఫ్స్ చూడని ఊరికి ఆ సెప్టెంబర్ విలువెంతో ఆ ఊరివాళ్లే చెప్పాలి. లాపోర్టా అనుకున్నంత ఎదగలేదు. ఆ ట్రేడ్‌లో తర్వాత చేరిన మైకేల్ బ్రాంట్లీ మాత్రం ఆల్‌స్టార్ (లీగ్‌లోని మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపిక) అయ్యాడు. అద్దె ట్రేడ్‌లో అసలు నొప్పి చాలాసార్లు ఇలాగే, హెడ్‌లైన్‌లో లేని కుర్రాడి దగ్గర మొదలవుతుంది.

అయితే ఈ దారిలో జూదం పాలు ఎక్కువ. ఓరియోల్స్ 2023 వేసవిలో ఇదే చేసింది. సెయింట్ లూయిస్ నుంచి ముగ్గురు కుర్రాళ్లను ఇచ్చి జాక్ ఫ్లాహర్టీని తెచ్చుకుంటే అతని ఈఆర్ఏ 6.75కి చేరింది, చివరికి బుల్‌పెన్‌లో (మ్యాచ్ మధ్యలో వచ్చే పిచర్ల మధ్య) కూర్చున్నాడు. మరుసటి జులైలో అదే ఫ్లాహర్టీని డెట్రాయిట్ నుంచి డాడ్జర్స్ తెచ్చుకుంది. అతను న్యూయార్క్ మెట్స్ మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఏడు ఇన్నింగ్స్ పరుగివ్వకుండా వేశాడు, డాడ్జర్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. మనిషి ఒకడే, అద్దె ఒప్పందమూ ఒకటే. రెండు మూడు నెలల ఆటలో ఇంత తేడా రావచ్చు. దాన్ని తట్టుకునే ఓపిక, కోల్పోయినా ఇబ్బంది లేని కుర్రాళ్లు ఉన్న జట్టే ఇందులోకి దిగాలి.

ఒక ఏడాది మిగిలిన స్టార్

ఓరియోల్స్ చివరికి ఎంచుకున్నది ఇదే. 2024 ఫిబ్రవరి 1న మిల్వాకీ నుంచి కార్బిన్ బర్న్స్‌ని తెచ్చుకుంది. 2021లో నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు (ఉత్తమ పిచర్‌కి ఇచ్చేది) గెలిచిన పిచర్, ఆ సీజన్ జీతం కోటీ 56 లక్షల డాలర్ల పైచిలుకు. బదులుగా వెళ్లింది ఇన్‌ఫీల్డర్ జోయీ ఓర్టిజ్, ఎడమచేతి పిచర్ డీఎల్ హాల్, డ్రాఫ్ట్‌లో 34వ పిక్.

ఓర్టిజ్ గురించి కాస్త ఆగి చూడాలి, ట్రేడ్ అంతా అక్కడే ఉంది. చక్కటి ఫీల్డర్, షార్ట్‌స్టాప్ ఆడగలడు. కానీ బాల్టిమోర్‌లో ఆ స్థానంలో గనర్ హెండర్సన్ ఉన్నాడు, అప్పుడే రూకీ ఆఫ్ ద ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు) గెలిచినవాడు. పక్కన జోర్డన్ వెస్ట్‌బర్గ్. వెనక నుంచి జాక్సన్ హాలిడే వస్తున్నాడు, అప్పటికి దేశంలోకెల్లా నంబర్ వన్ ప్రాస్పెక్ట్. ఓర్టిజ్ ఇక్కడే ఉంటే బెంచీ మీద వయసు పెరగడం తప్ప ఏం లేదు. మిల్వాకీలో వెంటనే థర్డ్ బేస్ ఇచ్చారు, ఆ ఏడాది 11 హోమ్ రన్లు కొట్టాడు, జట్టు డివిజన్ గెలిచింది. మనకి మిగులు, వాళ్లకి అవసరం. ఇది రెండు వైపులా నిజాయితీగా కుదిరిన బేరం అని నేను నమ్ముతాను.

బర్న్స్ మొదటి రోజే ఎందుకు వచ్చాడో చూపించాడు. లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ మీద ఆరు ఇన్నింగ్స్ వేసి 11 మందిని స్ట్రైక్ అవుట్ (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ని అవుట్) చేశాడు. ఇచ్చిన ఒకే ఒక్క హిట్ మైక్ ట్రౌట్ కొట్టిన హోమ్ రన్. ఈ ట్రేడ్ అయిన రెండు వారాలకే బ్రాడిష్ మోచేతి లిగమెంట్‌కి గాయమైందని బయటపడింది. జూన్‌కల్లా అతనికి ఆపరేషన్. బర్న్స్ లేకపోయి ఉంటే ఆ సీజన్ ఎలా సాగేదో తలచుకుంటేనే టెన్షన్. సీజన్ మొత్తం 32 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, 15 గెలిచి 9 ఓడాడు, ఈఆర్ఏ 2.92. ఆల్‌స్టార్ గేమ్‌లో అమెరికన్ లీగ్ తరఫున మొదటి పిచర్ అతనే.

అక్టోబర్ 1న ఓరియోల్స్ సొంత మైదానం కామ్డెన్ యార్డ్స్‌లో కాన్సస్ సిటీ రాయల్స్‌తో మూడు మ్యాచ్‌ల వైల్డ్ కార్డ్ (ప్లేఆఫ్స్ మొదటి రౌండ్) సిరీస్ మొదలైంది. ఆరో ఇన్నింగ్స్‌లో బర్న్స్ తొమ్మిదో నంబర్ బ్యాటర్ మైకేల్ గార్సియాకి వాక్ (నాలుగు తప్పు బంతులకు ఉచితంగా మొదటి బేస్) ఇచ్చాడు. రెండు అవుట్లయ్యాక బాబీ విట్ జూనియర్ సింగిల్ కొట్టాడు, గార్సియా పరుగు పూర్తిచేశాడు. అంతే, ఆ ఒక్క పరుగు. బర్న్స్ ఎనిమిది ఇన్నింగ్స్ పూర్తిచేసి తొమ్మిదోదాంట్లోకి కూడా వెళ్లాడు, ఓరియోల్స్ చేసిన పరుగులు సున్నా. 1-0. మర్నాడు 2-1. రెండు మ్యాచ్‌ల్లో మన బ్యాటర్లు చేసింది సెడ్రిక్ మలిన్స్ హోమ్ రన్ ఒక్కటే.

దీన్ని చూసి ట్రేడ్ దండగ అన్నవాళ్లతో నేను ఒప్పుకోను. అక్టోబర్‌లో మొదటి మ్యాచ్‌ని ఎనిమిది ఇన్నింగ్స్ మోయగల పిచర్ కావాలని తెచ్చారు, అతను సరిగ్గా అదే చేశాడు. తన వంతు పని చేసినవాడిని బ్యాటర్ల లెక్కలో కలిపి తిట్టడం న్యాయం కాదు. బర్న్స్ క్వాలిఫయింగ్ ఆఫర్ కాదని వెళ్లిపోయాడు, ఓరియోల్స్‌కి డ్రాఫ్ట్ పిక్ వచ్చింది. అంటే ఇచ్చిన పిక్ లాంటిదే ఒకటి తిరిగొచ్చింది. ఒక పూర్తి సీజన్‌కి నికరంగా ఖర్చయింది ఓర్టిజ్, హాల్.

రెండేళ్లు ఉండే పిచర్

ధర ఇక్కడ ఒక్కసారిగా పైకి లేస్తుంది, కారణం సమంజసమే. మొదటి ఏడాది కలిసిరాకపోతే రెండో ఏడాది ఉంటుంది. జట్టు కుప్పకూలితే మధ్యలో తిరిగి అమ్ముకోవచ్చు. పిచర్‌తో కూర్చుని పెద్ద ఒప్పందం మాట్లాడుకునే టైమ్ కూడా దొరుకుతుంది.

బర్న్స్ వచ్చిన చలికాలంలోనే మార్కెట్‌లో ఉన్న మరో పిచర్ డిలన్ సీజ్. 2022లో ఈఆర్ఏ 2.20, 2023లో 4.58. చేతిలో రెండేళ్లున్నాయి. మార్చిలో శాన్ డియేగో పాడ్రెస్ డ్రూ థోర్ప్‌తో కలిపి నలుగుర్ని వైట్ సాక్స్‌కి ఇచ్చి తెచ్చుకుంది. మొదటి ఏడాది 14 విజయాలు, ఈఆర్ఏ 3.47, జులైలో వాషింగ్టన్ మీద నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్). రెండో ఏడాది ఈఆర్ఏ 4.55. రెండేళ్లూ మ్యాచ్‌లు తప్పలేదు, రెండేళ్లూ 200కి పైగా స్ట్రైక్ అవుట్లు, కానీ ఒకటి స్టార్ సీజన్, ఒకటి మామూలు సీజన్. రెండేళ్ల కంట్రోల్ (ఆటగాడు జట్టు చేతిలో ఉండే కాలం) అంటే రెండు స్టార్ సీజన్లని ఎవరూ అనుకోకూడదు.

పూర్తిగా కలిసొచ్చిన ఉదాహరణ గారెట్ క్రోషే. 2024 డిసెంబర్‌లో బోస్టన్ రెడ్ సాక్స్ కైల్ టీల్, బ్రేడెన్ మోంట్‌గమరీ, మరో ఇద్దర్ని వైట్ సాక్స్‌కి ఇచ్చింది. టీల్, మోంట్‌గమరీ ఇద్దరూ మొదటి రౌండ్ డ్రాఫ్ట్ కుర్రాళ్లు. చిన్న ధర కాదు. కానీ బోస్టన్ అక్కడితో ఆగలేదు. సీజన్ మొదలైన కొద్ది రోజుల్లోనే ఆరేళ్లకు 17 కోట్ల డాలర్ల ఒప్పందం రాయించుకుంది. క్రోషే 18 గెలిచి 5 ఓడాడు, 255 స్ట్రైక్ అవుట్లు, ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌లో యాంకీస్‌ని కట్టిపడేశాడు. మొదటి వరస కుర్రాళ్లను ఇచ్చే జట్టు తర్వాత చెక్కు రాయడానికి కూడా సిద్ధపడి ఉండాలి. సిద్ధంగా లేకపోతే ఆ ధర ఇవ్వకపోవడమే మంచిది.

ఎక్కువ ఏళ్ల కంట్రోల్ ఉన్నా మునిగిపోయిన జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్. 2018 జులై 31న క్రిస్ ఆర్చర్ కోసం టైలర్ గ్లాస్నో, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్‌లను టంపా బేకి ఇచ్చింది. ఆర్చర్ మరుసటి ఏడాది ఈఆర్ఏ 5.19. మెడోస్ 2019లో ఆల్‌స్టార్. గ్లాస్నో పెద్ద పిచర్ అయ్యాడు. ఆ బాజ్ కోసమే 2025 డిసెంబర్‌లో ఓరియోల్స్ నలుగురు కుర్రాళ్లను, ఒక డ్రాఫ్ట్ పిక్‌ని టంపా బేకి ఇచ్చింది. ఒక్క ట్రేడ్ ఏడేళ్ల తర్వాత కూడా టంపాకి ఫలాలిస్తూనే ఉంది.

పేరు తక్కువ, కంట్రోల్ ఎక్కువ ఉన్న పిచర్‌ని పట్టుకోవడం ఇందులోనే ఇంకో పద్ధతి. ఓరియోల్స్ 2024 జులైలో ట్రెవర్ రోజర్స్ కోసం కానర్ నార్బీ, కైల్ స్టవర్స్‌లను మయామీకి ఇచ్చింది. రోజర్స్ నాలుగు మ్యాచ్‌లు దారుణంగా వేసి మైనర్ లీగ్స్‌కి వెళ్లాడు. అది అద్దె ఒప్పందమైతే కథ అక్కడితో సరి. కంట్రోల్ మిగిలి ఉంది కాబట్టి 2025లో తిరిగొచ్చి 18 మ్యాచ్‌ల్లో 1.81 ఈఆర్ఏతో వేశాడు. అదే ఏడాది స్టవర్స్ మయామీకి ఆల్‌స్టార్ అయ్యాడు. ఇద్దరికీ లాభం వచ్చింది, ఎవరు గెలిచారో ఇప్పుడే తేల్చే పని లేదు.

డబ్బు పెట్టి తెచ్చుకోవడం

కుర్రాళ్లెవరూ పోరు, అది గొప్ప సుఖం. బర్న్స్‌ని అరిజోనా డైమండ్‌బ్యాక్స్ ఆరేళ్లకు 21 కోట్ల డాలర్లిచ్చి తీసుకుంది. 2025 జూన్‌లో అతనికి టామీ జాన్ ఆపరేషన్ అయింది. బాల్టిమోర్‌కి ఒక ఏడాదికి కోటిన్నర డాలర్లలో దొరికిన పిచర్, ఆ మరుసటి ఏడాదే ఇంకో ఊళ్లో సగం సీజన్ కూడా ఆడలేకపోయాడు. ఇది బర్న్స్ తప్పు కాదు, అరిజోనా తప్పూ కాదు. పిచర్లకు దీర్ఘకాల ఒప్పందం అంటే ఇదే. ఏటా ఒక పెద్ద జీతం వృథా అయినా తట్టుకోగల యజమానికే ఈ దారి.

చేతులు ముడుచుకు కూర్చుంటే

బర్న్స్ వెళ్లిపోయాక ఓరియోల్స్ అతని స్థాయి పిచర్ని తేలేదు. చార్లీ మోర్టన్, టొమొయుకి సుగానోలతో ఒక్కో ఏడాది ఒప్పందాలు చేసుకుంది. కుర్రాళ్లు భద్రంగా ఉన్నారు. 2025లో జట్టు 75 గెలిచి 87 ఓడి డివిజన్‌లో అట్టడుగున నిలిచింది, మే నెలలో మేనేజర్ బ్రాండన్ హైడ్ ఉద్యోగం పోయింది. గాయాలు, బ్యాటింగ్ కూడా కారణాలే, ఒక్క పిచర్‌తో అంతా మారిపోయేదని చెప్పను. కానీ ఒక ఏడాది పిచర్ని తెచ్చిన రోజే మరుసటి ఏడాది అతని స్థానంలో ఎవరన్న ఆలోచన మొదలవ్వాలి. ఆ చలికాలంలో క్రోషే మార్కెట్‌లోనే ఉన్నాడు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది బర్న్స్ ట్రేడ్ కాదు, ఆ తర్వాతి చలికాలం.

మీ జట్టు ఏది?

చవక జీతాల కుర్ర బ్యాటర్లతో నిండి, ఒకే స్థానానికి ముగ్గురు పోటీ పడుతున్న జట్టయితే చలికాలంలో ఒక ఏడాది మిగిలిన స్టార్ని తెచ్చుకోవడం అన్నిటికన్నా మేలు. ఫిబ్రవరికి ముందే చెయ్యాలి, జులైదాకా ఆగితే అదే పిచర్‌తో సగం సీజన్, డ్రాఫ్ట్ పిక్ రెండూ పోతాయి. హాలిడే లాంటివాడిని అడిగితే మాత్రం ఒక ఏడాది కోసం ఇవ్వకూడదు.

పెద్ద మార్కెట్, డబ్బుకి లోటు లేదు, ఫార్మ్ (మైనర్ లీగ్స్‌లోని కుర్రాళ్ల బలం) కూడా బాగుంది అంటే బోస్టన్ దారి. రెండేళ్లున్నవాడికి మొదటి వరస ధర ఇచ్చి, వెంటనే ఒప్పందం పొడిగించాలి.

చిన్న ఊరి జట్టు, చాలా ఏళ్లుగా ప్లేఆఫ్స్ లేవు, జులైలో డివిజన్ అందేంత దూరంలో ఉంది అంటే సబాథియా లాంటి అద్దెకు వెళ్లడంలో తప్పు లేదు. ఆ జట్టు అభిమానులు ఆ రెండు నెలలు మర్చిపోరు. కాకపోతే కుర్రాళ్ల జాబితాలో మూడో, నాలుగో పేరు దగ్గర గట్టిగా బేరమాడాలి, బ్రాంట్లీ అక్కడే ఉంటాడు.

గెలుపోటములు సగం సగంగా ఉండి, జులైలో వారం రోజుల గెలుపు ఊపు చూసి ఉత్సాహపడుతున్న జట్టయితే ఎవరినీ కొనొద్దు. 2018 పిట్స్‌బర్గ్ సరిగ్గా అలాంటి ఊపులోనే ఆర్చర్ కోసం వెళ్లింది, చివరికి 82 గెలిచి 79 ఓడి ప్లేఆఫ్స్‌కి దూరంగా ఆగిపోయింది. గ్లాస్నో, మెడోస్, బాజ్‌లలో ఒక్కరిని ఉంచుకున్నా ఆ తర్వాతి సీజన్లు వేరేగా ఉండేవి.